నాణెముల పోటీలో వట్టము చెల్లించునదెవరు?



డాలరు పడిపోవుచున్నదనియు, చైనావారి యువాను దాని స్థానము నాక్రమింపనున్నదనియు, మన రూపాయి సైతము త్వరలో ప్రపంచ నాణెము కాగలదనియు పత్రికలలో తఱచుగా వ్రాయుచున్నారు. సంఘపు కార్యాలయమున ఎఱువుల కొఱకు వేచియుండు సభ్యులు ఈ వార్తలను చూచి, "ఇది షాహుకార్ల గొడవ, మనకేల?" యని పత్రికను ప్రక్కన బెట్టుట కలదు. అది మన గొడవయే యని నా యభిప్రాయము. దేశముల నాణెములు ఒండొంటితో పోరాడునపుడు, ఆ పోరునకగు ఖర్చులో పెద్ద భాగము కళ్లమునుండియే రాబట్టబడినదని గడచిన నూరేండ్ల చరిత్ర చెప్పుచున్నది. కావున ఈ పోటీ ఎట్లు జరుగుచున్నదో, అందు మనము కోరదగినదేమో ఆలోచించుట మన విధి.

ఇట్టి పోరు మన సీమకు క్రొత్త కాదు. చెన్నపురి రాజధానిలో ఒకప్పుడు వరహా ప్రధాన నాణెముగా నుండెను. 1818వ సంవత్సరమున ఈస్టిండియా కంపెనీవారు రూపాయిని ప్రధాన నాణెముగా జేసి, 100 వరహాలకు 350 రూపాయల చొప్పున లెక్క గట్టిరి. అంతట వరహా షరాబుల బల్లలమీదనుండి అవ్వల పెట్టెలలోనికి పోయినది. తెలంగాణమున నిజాము ప్రభుత్వమువారి హాలీ సిక్కా 1950వ దశకము వఱకు చెల్లుచుండెను. దాని సరసనే ఇంగ్లీషువారి రూపాయి యుండెను. దానిని ప్రజలు కల్దారు అనుచుండిరి. 6 కల్దార్లకు సుమారు 7 హాలీలు. హాలీలు మూట గట్టుకొని బెజవాడకు సరకు కొన వచ్చినవాడు మొదట షరాబు నొద్దకు పోయి, వట్టమిచ్చుకొని, కల్దార్లు పుచ్చుకొనవలసి యుండెను. కల్దారు చేత గలవాడు తిన్నగా బజారునకు పోవుచుండెను.

ఈ చిన్న యుదాహరణములో పెద్ద విషయమంతయు నిమిడి యున్నది. ఎవరి నాణెమును ఎల్లవారును అంగీకరింతురో వారికి వట్టము లేదు. తక్కినవారు దారిలో షరాబు బల్లయొద్ద ఆగి వట్టమిచ్చి పోవలెను. నేడు దేశములమధ్య జరుగుచున్న పోటీ యంతయు ఆ బల్లయొద్ద ఎవరు ఆగవలెనను దానిని గుఱించియే.

మొదటి మహాయుద్ధమునకు ముందు ఈ గౌరవము ఇంగ్లండువారి పౌనునకు దక్కి యుండెను. బ్రెజిలు కాఫీ జర్మనీకి పోయినను, మన వేరుశనగ ఫ్రాన్సునకు పోయినను, హుండీ మాత్రము తఱచుగా లండను పేర పౌన్లలోనే వ్రాయబడుచుండెను. ఓడలు వారివి, భీమా వారిది, అప్పిచ్చు బ్యాంకులు వారివి. పైగా కోరినపుడు పౌనునకు బంగారమిత్తురను నమ్మకము కలదు. ఆ పౌనుయొక్క బంగారు రూపమే సవరను. నేటికిని మనము ఆడబిడ్డలకు పెట్టు బంగారమును కాసులలోను సవరలలోను లెక్కించుచున్నాము. మన కాసు 8 గ్రాములు. ఆ సవరను బరువును దాదాపు అంతియే. రాజ్యము పోయినను ఆ నాణెపు తూకము మాత్రము మన యిండ్లలో నిలిచి యున్నది.

1914లో మొదలైన యుద్ధమున ఇంగ్లండు అమెరికాకు అప్పుపడెను. యుద్ధానంతరమున పౌనుయొక్క పూర్వగౌరవమును నిలుపవలెనను పట్టుదలతో, 1925లో యుద్ధమునకు ముందున్న విలువకే, అనగా పౌను 1-కి 4.86 డాలర్లకే, దానిని మరల బంగారముతో ముడివేసిరి. దేశముయొక్క శక్తి తగ్గినను నాణెపు విలువ మాత్రము తగ్గరాదనుట వారి పంతము. దానివలన వారి బొగ్గు, వారి బట్ట ఇతర దేశములలో ప్రియమయ్యెను. గని యజమానులు కూలి తగ్గింపజూచిరి. 1926లో దేశవ్యాప్తముగా సమ్మె జరిగినది. తుదకు 1931 సెప్టెంబరు 21వ తేదీన పౌను బంగారమును విడిచిపెట్టినది. ఆరేండ్ల పంతమునకు మూల్యము చెల్లించినవారు కూలివారు.

మన దేశమున ఆ పంతమునకు మూల్యము చెల్లించినవాడు రైతు. పూర్వము రూపాయి విలువ 1 షిల్లింగు 4 పెన్నీలు. హిల్టను యంగు సంఘమువారి సిఫారసుపై 1927లో దానిని 1 షిల్లింగు 6 పెన్నీలుగా శాసనము చేసిరి. ఆ సంఘములో సభ్యుడగు సర్ పురుషోత్తమదాసు ఠాకూరుదాసుగారు దీనికి సమ్మతింపక, పాత విలువయే యుండవలెనని విడిగా తమ యభిప్రాయమును వ్రాసిరి. రెండు పెన్నీలకై ఇంత వాదమేల యని తోచవచ్చును. లెక్క వేసి చూతము. ఒక రైతు వేరుశనగకు సీమలో 18 షిల్లింగులు ధర పలికెననుకొనుడు. షిల్లింగునకు 12 పెన్నీలు గావున మొత్తము 216 పెన్నీలు. రూపాయికి 16 పెన్నీల చొప్పున 13 రూపాయల 8 అణాలు వచ్చును. 18 పెన్నీల చొప్పున 12 రూపాయలే వచ్చును. సరకు అదియే, ఓడ యదియే, కొనువాడు నతడే. ఇక్కడ కళ్లమువద్ద మాత్రము రూపాయిన్నర తగ్గినది. శిస్తు తగ్గలేదు, పత్రముమీది వడ్డీయు తగ్గలేదు.

రూపాయి బలముగా నున్నచో దిగుమతి సరకులు చవుక యగుననియు, సీమకు పంపవలసిన సొమ్మునకు తక్కువ రూపాయలు చాలుననియు ప్రభుత్వపక్షమువారు వాదించిరి. ఆ వాదనలో నిజము లేకపోలేదు. కాని చవుక యైన దిగుమతులను కొనువాడొకడు, ధర తగ్గిన పంటను అమ్మువాడు మఱొకడు. 1929 తరువాత ప్రపంచమంతట పంటల ధరలు కూలినపుడు ఈ భేదము బయటపడినది. 1931లో పౌను బంగారమును విడిచినను రూపాయిని పౌనునకే కట్టి యుంచిరి. దానితో రూపాయలలో బంగారపు ధర పెరిగెను. అప్పులలో మునిగిన రైతులు ఇంటి నగలమ్మి శిస్తులు కట్టిరి. ఆ బంగారము బొంబాయి రేవునుండి ఓడలకెక్కి పోయినది. కష్టకాలమున పౌనునకు ఊపిరి పోసిన బంగారములో మన యాడువారి మెడలలోనిది కూడ కలదు.

పిమ్మట డాలరు వచ్చినది. రెండవ యుద్ధము ముగియక మునుపే, 1944 జూలైలో, అమెరికాలోని బ్రెట్టన్ వుడ్స్ అను చోట 44 దేశములవారు సమావేశమైరి. మన దేశముపక్షమున పోయినవారిలో చింతామణి దేశముఖుగారు, షణ్ముఖం చెట్టిగారు ఉండిరి. ఏ దేశమునకును చెందని అంతర్జాతీయ నాణె మొకటి యుండవలెనని ఇంగ్లండునకు చెందిన కెయిన్సు పండితుడు అంతకు ముందే సూచించి, దానికి బాంకోరు అని పేరు పెట్టియుండెను. ఆ సూచన నెగ్గలేదు. బంగారము ఔన్సు 1-కి 35 డాలర్ల చొప్పున డాలరును కట్టి, తక్కిన నాణెములను డాలరునకు కట్టిరి. నాడు అప్పిచ్చువారు అమెరికావారు, అడుగువారు తక్కినవారు. అప్పడుగువాని మాట ఎంతవఱకు చెల్లును?

యుద్ధకాలమున మన దేశము ఇంగ్లండునకిచ్చిన సరకులకును సేవలకును బదులుగా లండనులో మన పేర వంద కోట్ల పౌన్లకు మించిన నిల్వ పేరుకొనియుండెను. దాని వెనుక ఇక్కడివారి పస్తులు కలవు. నోట్లు పెరిగి, ధాన్యము కఱవై, ధరలు మండిన దినములవి. 1949 సెప్టెంబరులో పౌను విలువను 4.03 డాలర్లనుండి 2.80 డాలర్లకు తగ్గించిరి. మన రూపాయియు దానితోపాటు దిగినది. అప్పటికి ఖర్చు గాక మిగిలిన మన నిల్వతో అమెరికాలో కొనదగిన సరకు నూటికి 30 వంతులు ఒక్క దినములో తగ్గిపోయెను. పరుల నాణెములో పొదుపు చేయువాడు పరుల నిర్ణయమునకు లోబడి యుండునని తెలుపుటకు ఇంతకంటె దృష్టాంతము వలదు.

1971 ఆగష్టు 15వ తేదీన అమెరికా అధ్యక్షుడు నిక్సను ఇక డాలరునకు బంగారమియ్యమని ప్రకటించెను. అంతటితో డాలరు పని ముగియునని పలువురు తలచిరి. ముగియలేదు. 2022లో సయితము ప్రపంచమున జరిగిన నాణెముల మారకములలో నూటికి 88 వంతులు ఒకప్రక్క డాలరు గలవియే. బంగారము లేకయే అది ఎట్లు నిలిచినది? చమురు డాలర్లలో అమ్మబడుచున్నది. గోధుమ, ప్రత్తి, సోయా ధరలు డాలర్లలో పలుకుచున్నవి. డాలరు గలవాడు దానిని ఎప్పుడైనను అమెరికా ప్రభుత్వపు అప్పుపత్రములలో నుంచి, కోరిన దినమున తీసికొనవచ్చును. ఒక ఊరిలో ఒకడు వ్రాసి యిచ్చిన చీటీని అందరును రొక్కమువలె చేతులు మార్చుకొనుచు, ఎవరును దానిని తెచ్చి "సొమ్మిమ్ము" అని అడుగకున్నచో, ఆ వ్రాసినవాని భాగ్యమేమని చెప్పవలెను! అమెరికాది అట్టి భాగ్యము. తక్కినవారు డాలరును సంపాదించుటకు సరకు పంపవలెను. వారు దానిని అచ్చు వేసికొందురు.

ఈ భాగ్యము నమ్మకముమీద నిలిచినది. 2022లో రష్యా యుక్రెయినుపై యుద్ధమునకు పోగా, అమెరికా, ఐరోపా దేశములు మొదలగునవి తమయొద్దనున్న రష్యా నిల్వలను, సుమారు 30 వేల కోట్ల డాలర్ల విలువగలవానిని, కదలనీయక బంధించినవి. ఆ యుద్ధముయొక్క మంచిచెడ్డలను చర్చించుట ఇక్కడ నా పని కాదు. కాని మన సంఘములోనే డిపాజిటు దారునితో తగవు వచ్చినదని అతని సొమ్మును పట్టి యుంచినచో తక్కిన డిపాజిటు దారులేమి చేయుదురు? ఒక్కుమ్మడి లేచిపోరు, ఎందుకనగా మఱొక చోటు కనబడదు. కాని కొంచెము కొంచెముగా సొమ్మును వేఱు చోట్లకు మార్చుకొందురు. ప్రపంచమున జరుగుచున్నది అదియే. దేశముల నిల్వలలో డాలరు వాటా 1999లో నూటికి 71 వంతులు కాగా, 2024 చివరకు 58 వంతులకు దిగినది. పలు దేశముల ప్రధాన బ్యాంకులు బంగారమును కొనుచున్నవి.

ఐనను ఆ గద్దె నెక్కుటకు సిద్ధముగా నున్నవారెవరు? ఐరోపావారి యూరో 1999లో పుట్టి, నిల్వలలో నూటికి 20 వంతుల వద్ద నిలిచియున్నది. దానికి నాణె మొకటియేగాని ఖజానాలు పెక్కు. ఒక దేశముయొక్క అప్పునకు మఱొక దేశము పూచీ పడవలయునా యను తగవు వారికి తీరలేదు. చైనా యువాను 2016లో అంతర్జాతీయ ద్రవ్యనిధివారి లెక్కలోని ప్రధాన నాణెములలో చేరెను. ఆ దేశము ప్రపంచమునకెల్ల సరకులు పంపుచున్నను, దాని నాణెము నిల్వలలో నూటికి 2 వంతుల ప్రాంతముననే యున్నది. ఏలయన ఆ దేశములోనికి పోయిన సొమ్ము ప్రభుత్వానుజ్ఞ లేక బయటికి రాదు. లోపలికి ద్వారముండి, వెలుపలికి ద్వారము లేని గాదెలో ఎవడు ధాన్యము పోయును?

ఇక మన రూపాయి. ఇదియును ఒకనాడు సముద్రము దాటి చెల్లినదే. కువైటు, బహ్రెయిను, కతారు, ఒమాను మొదలగు గల్ఫు సీమలలో మన రూపాయియే వ్యవహార నాణెము. 1959లో మన రిజర్వు బ్యాంకు ఆ సీమలకై ప్రత్యేకముగా నోట్లు ముద్రించెను. కువైటు 1961లోను, బహ్రెయిను 1965లోను తమ స్వంత నాణెములు తెచ్చుకొనెను. 1966 జూను 6వ తేదీన మన ప్రభుత్వము రూపాయి విలువను తగ్గించి, 4.76 రూపాయలకు వచ్చు డాలరును 7.50 రూపాయలు చేయగా, మిగిలిన వానిలో పెక్కు సీమలు వెంటనే రూపాయిని విడిచినవి; ఒమాను 1970లో విడిచెను. ఆనాడు మన నోటు చెల్లిన సీమలకే నేడు కరీంనగరు, నిజామాబాదు, కడప, కోనసీమలనుండి మన బిడ్డలు కూలికి పోయి, అక్కడి నాణెములను రూపాయలుగా మార్చి యింటికి పంపుచున్నారు. షరాబు బల్లకు ఏ ప్రక్క నెవరు నిలుతురో ఒక్క తరములో మాఱిపోవునని దీనివలన గ్రహింపవలెను.

2022 జూలై 11వ తేదీన రిజర్వు బ్యాంకువారు పరదేశ వ్యాపారమును రూపాయలలో పరిష్కరించుకొనుటకు మరల దారి తెరచిరి. మంచి పనియే. కాని రష్యాతో ఏమైనదో చూడుడు. మనము వారియొద్ద చమురు విస్తారముగా కొంటిమి. వారు మనయొద్ద కొన్నది స్వల్పము. మన బ్యాంకులలో తమ పేర కోట్లకొలది రూపాయలు ఊరక పడియున్నవని వారి విదేశాంగ మంత్రి 2023 మే నెలలో గోవాలో చెప్పెను. రూపాయిని పుచ్చుకొన్నవానికి ఆ రూపాయితో కొనదగిన సరకు మనయొద్ద లేకున్నచో అతడు దానిని ఎందుకు పుచ్చుకొనును? పూర్వము సోవియటు ప్రభుత్వముతో 1953 మొదలు రూపాయలలో వ్యాపారము నడచినది; వారు ఆ రూపాయలతో మన తేయాకు, గుంటూరు సీమ పొగాకు మొదలగునవి కొనుచుండిరి. రూపాయికి గౌరవము ఆ బేళ్ళవలన వచ్చినది. 1991లో ఆ ప్రభుత్వము విచ్ఛిన్నము కాగానే ఆ యేర్పాటును కూలినది. ఒక్క కొనుగోలుదారుని నమ్ముకొన్న సరకునకు ఎట్టి గతి పట్టునో పొగాకు రైతులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇంతవఱకు చెప్పినదానినిబట్టి నా యభిప్రాయము మూడు మాటలుగా మనవి చేసెదను.

మొదటిది, డాలరు కూలినచో మనకు మేలని సంతోషింపరాదు. పాత నాణెము గద్దె దిగి, క్రొత్తది ఎక్కని నడిమి కాలము మిక్కిలి ప్రమాదకరము. పౌను శక్తి యుడిగి, డాలరు ఆ భారమును తలకెత్తుకొనక యున్న 1930వ దశకమే అందుకు సాక్షి. ఆంబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్లు నాడు ప్రపంచమందలి రైతులెల్లరు నలిగిరి. మార్పు రావలసియున్నచో మెల్లగా రావలెను. ఒక నాణెముమీదనే గాక పలువాటిమీద వ్యాపారము నడచుట మేలు.

రెండవది, నాణెపు గౌరవమును అంకెతో కొలువరాదు. 1947లో డాలరునకు 3 రూపాయల పైచిల్లర యుండగా, 2024 డిసెంబరులో 85 రూపాయలు దాటెను. ఇది చూచి సిగ్గుపడువారు కలరు. రూపాయిని బలవంతముగా నిలబెట్టవలె ననువారును కలరు. 1925లో ఇంగ్లండువారును, 1927లో మన యేలికలును చేసినది అదియే గదా. అట్లని రూపాయి పడినకొలది రైతునకు లాభమనుటయు సరికాదు. రొయ్యలు అమెరికాకు, మిరపకాయలు చైనాకు పోవుచున్నవి. డాలరు పెరిగినచో ఎగుమతిదారునకు వెంటనే ఎక్కువ రూపాయలు వచ్చును, అందులో రైతువఱకు దిగునది కొంచెము, దిగుటయు ఆలస్యము. పొటాషు యావత్తు దిగుమతియే, డి.ఏ.పి. గాని, దాని ముడిపదార్థములు గాని పరదేశములనుండి రావలసినవే. మన వంటనూనెలో సగమునకు మించి దిగుమతి సరకే. డాలరు పెరిగినచో వీని భారము ఖజానామీదనో, మన సంచిమీదనో తప్పక పడును. లాభము మెట్లు దిగి వచ్చును. నష్టము దూలమునుండి ఊడిపడును. కావున ప్రభుత్వమును మనము కోరవలసినది ఎక్కువ విలువయు గాదు, తక్కువ విలువయు గాదు. విత్తు నాటి ధరకును కోత నాటి ధరకును నడుమ ఉలికిపాటు లేని నిలకడ.

మూడవది, రూపాయికి ప్రపంచమున గౌరవము తెచ్చునది శాసనము కాదు, సరకు. పరదేశీయుడు మన రూపాయిని దాచుకొనవలెనన్నచో దానితో కొనదగిన నాణ్యమైన వస్తువు ఇక్కడ నుండవలెను. పురుగుమందు మిగులులేని మిరప, చెత్త కలియని ప్రత్తి, బూజు పట్టని వేరుశనగ యున్నపుడే ఆ నోటునకు బలము. రేవులో మన సరకును పరీక్షించి త్రిప్పి పంపిన ప్రతి పర్యాయము మన రూపాయి గౌరవము కొంత తగ్గినట్లే.

మన సంఘములు చేయదగిన పనులును కలవు. సభ్యుల పంటను విడివిడిగా గాక కూడబెట్టి, తరగతులుగా విభజించి అమ్మవలెను. బేరమాడునపుడు ఆనాటి మారకపు ధర యెంతయో తెలిసికొని, ఆ లెక్క చూపుమని కొనువానిని అడుగవలెను. నూరు బస్తాలు గలవాడు అడిగిన నవ్వి పోవుదురు. పదివేల బస్తాలు గల సంఘమడిగిన లెక్క చూపుదురు. ఎఱువులను సీజను నెత్తిమీదికి వచ్చినపుడు గాక ముందుగా తెప్పించి గిడ్డంగిలో నుంచవలెను. మట్టిపరీక్ష చేయించి, నేల కోరినంతయే వేయవలెను. పొలములవెంట తిరుగువాడను గావున చెప్పుచున్నాను, అవసరము లేక చల్లిన ప్రతి పిడికెడు డి.ఏ.పి. మట్టిలో కలిసిన డాలరే. ఒక్క దేశము కొను పంటనే ఊరంతయు వేయరాదు.

లండనులోను, న్యూయార్కులోను, షాంఘైలోను జరుగు పోటీని మనము ఆపలేము. కాని తూకమువద్ద ఒంటరిగా నిలిచినవానియొద్దనే వట్టము సులభముగా గుంజుదురని మనకు తెలియును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక్క ప్రశ్న వేసికొనుడని నా మనవి: గడచిన పంటలో మన యూరి సరకు ఏ నాణెములో అమ్ముడుపోయినది, మన యెఱువు ఏ నాణెములో కొనబడినది, ఆ రెంటికిని నడుమ పోయిన వట్టమెంత? ఆ లెక్కను కార్యదర్శిగారు ఒక కాగితముమీద వ్రాసి సభ్యులకు చదివి వినిపించినచో, ఈ వ్యాసము వ్రాసినందుకు ఫలము దక్కినట్లే.